అలంపూర్ చౌరస్తా దాకా మల్లేశ్ సీటు

ఈ ప్రయాణం గురించి రాయాలని నేను మొదట అనుకోలేదు. కానీ ఈ నెలరోజుల్లో మా ఇంటికి నలుగురు డ్రైవర్లు వచ్చారు. నలుగురూ అడిగింది ఒకటే: "మల్లేశ్ సీటుకు ఏం కొలత పెట్టినవక్కా?" నలుగురికీ నేను నాలుగు రకాలుగా చెప్పాను. మొదట వచ్చినతనికి చెప్పింది తప్పు కొలత అని రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చింది. ఫోను చేస్తే అప్పటికే రాయచూరు దారిలో ఉన్నాడు. "అందుకేనా అక్కా, స్టీరింగు మీద పడుకున్నట్టుంది" అన్నాడు. ఇక నోటిమాటగా చెప్పడం మంచిది కాదని, నా నోటుబుక్కు ముందు పెట్టుకుని ఏ రోజు ఏం చేశామో వరసగా రాస్తున్నాను. ఎవరైనా దూరప్రయాణాల కోసం కారు సీటు బాగు చేసుకోదలిస్తే, కనీసం మేము చేసిన తప్పు చెయ్యకుండా ఉంటారు.

నా పేరు అనసూయ. శంషాబాద్ పక్కనే పాల్మాకులలో చిన్న కిరాణా దుకాణం నడుపుతాను. బడి ఏడో తరగతితో ఆగింది. చదువు మాత్రం ఆగలేదు. పదహారేళ్ళుగా మధ్యాహ్నం దుకాణం మూసి శంషాబాద్ శాఖా గ్రంథాలయానికి వెళ్తున్నాను. వ్యవసాయం, వైద్యం, నక్షత్రాలు, బావులు తవ్వడం, ఏ బీరువా తెరిచి ఉంటే అందులోవి చదివాను. అర్థమైనవి రాసుకుంటాను, అర్థం కానివి రెండుసార్లు రాసుకుంటాను.

మల్లేశ్ నా తమ్ముడు. పక్క ఇల్లే. పదేళ్ళుగా ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతున్నాడు. రెండేళ్ళుగా నడుము నొప్పి. ఈ మధ్య దూరం ట్రిప్పు వస్తే షాద్‌నగర్ దాటకముందే నడుము పట్టేస్తోంది. పొద్దున మంచం మీంచి లేవడానికి సునీత భుజం పట్టుకుంటాడు. సునీత అతని భార్య. దవాఖానలో మాత్రలిచ్చారు, ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు. సునీత ఇక ఊరుకోలేదు. కొత్తూరులో ఉండే జంగయ్య అనే ఆయనకు కారు అమ్మేట్టు మాట్లాడింది. అదే కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ పని కూడా చూసింది. జంగయ్య సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి బండి తీసుకుపోతానన్నాడు.

మల్లేశ్ ఆ మాట విని రెండు రోజులు సరిగా తినలేదు. నేనే మధ్యలో దూరాను. "ఆదివారం దాకా ఆగు సునీతా. సీటు బాగు చేస్తాను. కర్నూలు దారిలో అలంపూర్ చౌరస్తా దాకా పోయి వస్తాము. అప్పుడు చూద్దాం" అన్నాను.

సునీత నా వైపు చూసి, "వదినె, బండి నాకు మాత్రం పానం కాదా? కని మనిషి లేవలేకపోతుండు. మీ పుస్తకాలల్ల నడుం దొరుకుతదా?" అంది.

దొరుకుతుందని చెప్పాను. అది బుధవారం.

ఆ మధ్యాహ్నమే గ్రంథాలయంలో రెండు పుస్తకాలు తీశాను. ఒకటి ఎముకల గురించి, అట్ట ఊడిపోయింది. రెండోది ఇంటి సామాను తయారీ గురించి. మొదటిది, కూర్చున్నప్పుడు తుంటి మోకాలి కన్నా కొంచెం పైకి ఉండాలంది. రెండోది, మోకాలే కొంచెం పైకి ఉండాలంది. గ్రంథపాలకురాలు వసంత మేడం రెండూ చూసి, రెండూ రిజిస్టరులో రాసి, "వచ్చే బుధవారం వాపసు ఇవ్వాలి" అని మాత్రం చెప్పింది. ఎముకల పుస్తకం ఎముకల గురించే కాబట్టి నేను దాన్ని నమ్మాను.

గురువారం పొద్దున పదకొండింటికి మల్లేశ్ నన్ను ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్‌లు ఆగే మైదానానికి తీసుకెళ్ళాడు. రోజూ గంటల తరబడి సీట్లో ఉండేవాళ్ళను అడగకుండా పుస్తకం ఒక్కటే పట్టుకోవడం సరికాదని నాకు తెలుసు. వందల కార్లు వరసలుగా నిలబడి ఉన్నాయి. తలుపులు తెరిచి, సీట్లు వాల్చి, కాళ్ళు బయట పెట్టి పడుకున్నారు జనం. ఒకరి సీటు మీద కొయ్యపూసల చాప. ఒకరికి మడతపెట్టిన లుంగీ. ఒకాయన చంటిపిల్లల ఆవాల దిండు నడుము వెనక పెట్టుకున్నాడు. నేను నోటుబుక్కు తీయగానే రాములు అనే డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"ఏ కంపెనీ అక్కా? సర్వేనా?"

"కంపెనీ కాదు. లైబ్రరీ నుంచి."

"లైబ్రరోళ్ళు గిట్ల గూడ తిరుగుతుండ్రా ఇప్పుడు?" అని పక్కవాళ్ళను పిలిచాడు. పదిమంది చేరారు. మెత్తగా ఉంటే నడుము పోతుందని రాములు చెప్పాడు. గట్టిగా ఉంటే కూర్చోవడమే కుదరదని ఇంకొకాయన. పూసల చాప పెట్టుకున్నతను, పూసలు వేసవిలో మంచివి, చలికాలంలో కావు అన్నాడు. యూసుఫ్ అనే కుర్రాడు నడుము ఒంపులో తువ్వాలు చుట్ట పెట్టి చూపించాడు. "ఇది పెట్టినంక నాకు పరేషానే లేదు" అన్నాడు. మరి బండి దిగి వంగి వంగి ఎందుకు నడుస్తున్నావని రాములు అడిగేసరికి అందరూ నవ్వారు. నేను అన్నీ రాసుకున్నాను. ఇంటికి వచ్చి చూసుకుంటే ఒక పేజీలో ఉన్నది దాని పక్క పేజీకి వ్యతిరేకంగా ఉంది.

ఆ సాయంత్రం ఐదింటికి ఇంటి దగ్గరే కొలతలు తీశాను. మా వీధిలో ఇళ్ళ ముందు మురుగునీటి మోరీ ఉంటుంది. దాని మీదుగా గేటు దాకా సిమెంటు ర్యాంపు. మల్లేశ్ గేటు సన్నం కావడంతో కారు లోపలికి పోదు. ముక్కు గేటుకు ఆనించి ర్యాంపు మీదే నిలబెట్టి, వెనక టైరు కింద రాయి పెడతాడు. మల్లేశ్‌ను సీట్లో కూర్చోబెట్టాను. సునీత కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమాని తెచ్చి, దారానికి తాళంచెవి కట్టి వేలాడదీసి, తొడ ఎంత వాలింది, వీపు ఎంత వాలింది కొలిచాను. మోకాలు తుంటి కన్నా చాలా పైన ఉంది. వీపు పడుకున్నట్టే ఉంది. నాకు సంతోషం వేసింది. రోగం దొరికిందనుకున్నాను. సీటు వీపును నాలుగు మెట్లు ముందుకు జరిపించాను. సీటు వెనక భాగం నాలుగు వేళ్ళ మందం పైకి లేపాలని లెక్క తేలింది. నాలుగు పుస్తకాలు కింద పెట్టి చూస్తే మల్లేశ్ ముఖం వెలిగింది.

"అక్కా, ఇది గద అసలు కూసునుడు!"

సునీత కూడా నోరు తెరిచి చూసింది.

శుక్రవారం తొమ్మిది నలభైకి శంషాబాద్‌లో బస్సు ఎక్కాను. ఆడవాళ్ళకు జీరో టికెట్ కనుక ఖర్చు లేదు, సీటు కూడా లేదు. ఆరాంఘర్ దాకా నిలబడే వెళ్ళాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో అత్తాపూర్. ఎక్స్‌ప్రెస్ వే కింద పిల్లరు నంబరు చెబితే తప్ప ఎవరికీ దుకాణం తెలియదు. సీట్లు కుట్టే ఖలీల్ భాయ్ ఒక ఆటో సీటు చీల్చి కొబ్బరిపీచు బయటికి లాగుతున్నాడు. నా కాగితం తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ముంగట సన్నగ, ఎన్క నాలుగు వేళ్ళ మందమా? జ్యాదా అయితదమ్మా. రెండు చాలు."

"కొలిచాను ఖలీల్ భాయ్. కోణమానితో."

"కొలిస్తే ఇగ నేనేమంట? కని నాలుగు పొరలు అతికియ్య. విడివిడిగ పెట్టి పక్కకు జిప్ ఏస్త. మీకు మల్ల మనసు మారితే నా దగ్గరికి రాకుండ తీస్కోవచ్చు."

నా మనసు మారదని చెప్పాను. గట్టి ఫోము, పైన నల్ల రెక్సిన్. రెండు గంటల్లో కుట్టి ఇచ్చాడు. చాయ్ కూడా తెప్పించాడు. పన్నెండున్నరకు ఆ దిండు ఒళ్ళో పెట్టుకుని తిరుగు బస్సులో కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఆమె దాన్ని నొక్కి చూసి, "మొలలా అమ్మా?" అని మెల్లగా అడిగింది. కారుకు అని చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఆదివారం ఉదయం 6:10కి బయలుదేరాము. మల్లేశ్ నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో నోటుబుక్కుతో ఉన్నాను. సునీత గేటు దగ్గర నిలబడి, "నొప్పొస్తే దాచిపెట్టకు. ఈ ఒక్కటి నాకు నిజం చెప్పు" అంది. మల్లేశ్ సరేనన్నాడు.

హైవే మీదికి ఎక్కిన ఐదు నిమిషాలకే మల్లేశ్ కదలడం మొదలుపెట్టాడు. "అక్కా, జారుతున్న."

"అలవాటు కావాలి" అన్నాను.

6:25, కొత్తూరు. ఫ్లైఓవరు ఎక్కుతుంటే, "ఇగో, ఇప్పుడు మంచిగున్నది" అన్నాడు. "మంచిగుంది" అని రాశాను. ఫ్లైఓవరు దిగుతుంటే, "వామ్మో, స్టీరింగు మీద పడుతున్న!" అన్నాడు. "బాగోలేదు" అని రాశాను. రెండింటికీ మధ్య నిమిషం కూడా లేదు. 6:46, షాద్‌నగర్ దగ్గర మళ్ళీ అదే. ఎక్కేటప్పుడు బాగుంది, దిగేటప్పుడు బాగోలేదు. మొదటి టోల్‌గేటు దగ్గర వరసలో ఆగినప్పుడు అసలు బాగోలేదు. ఒక గంటలో పదకొండుసార్లు రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే జ్వరం వచ్చినవాడి పలవరింతలా ఉంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఫోము వేడెక్కి మారుతోందా అనుకున్నాను. పరగడుపున ఉన్నందుకా అనుకున్నాను. మోకాలు పైకి ఉండాలన్న రెండో పుస్తకమే నిజమా అని కూడా అనిపించింది. బాలానగర్ దాటేసరికి మల్లేశ్ రెండు కాళ్ళూ ముందుకు తన్ని పట్టుకుని కూర్చున్నాడు. నుదుటి మీద చెమట.

"నొప్పిగా ఉందా?" అన్నాను.

"నడుం కాదక్కా. తొడలు, భుజాలు, మెడ. నడుం సంగతి తెలుస్తలేదు."

7:35కి జడ్చర్లకు ముందు ఒక టీ హోటలు దగ్గర ఆపాము. రోడ్డు పక్క చోటు లేక, పక్కన పొలాల వైపు పోయే ఎత్తు బాట మీదికి ముక్కు పెట్టి నిలిపాడు. ఇడ్లీ తిన్నాము. ప్లేటు నలభై, చట్నీ బాగుంది. తిన్నాక మల్లేశ్ వెళ్ళి సీట్లో కూర్చుని ఒక్కసారి అరిచాడు.

"అక్కా! ఇప్పుడు సూడు! మంచిగున్నది! ఇంటికాడ ఉన్నట్టే ఉన్నది!"

నేను పరుగెత్తి వెళ్ళి చూశాను. ఏమీ మారలేదు. అదే దిండు, అదే మనిషి. ఇడ్లీ ప్రభావమని రాయబోయాను. హోటలు నడిపే సాయమ్మ చేతిలో గ్లాసులతో వచ్చి మా ఇద్దరినీ చూసింది.

"మంచిగుండదా మరి? బండి ఎక్కుడు మీద నిలబెట్టినవ్ బిడ్డా. రోడ్డు మీదికి పోతే మల్ల గదే అయితది."

నేను బండి కింద నేల చూశాను. తర్వాత మల్లేశ్ వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. ఇద్దరికీ మా ఇంటి ర్యాంపు ఒకేసారి కనిపించింది. నేను మూడు గంటలు కూర్చుని లెక్కగట్టింది మల్లేశ్ సీటుకు కాదు, మోరీ మీది సిమెంటుకు. బండి ముక్కు పైకి ఉంటే సీటు వెనక్కి వాలుతుంది. ఆ వాలును సీటు తప్పనుకుని, వెనక ఎత్తు పెంచి, వీపు నిలబెట్టాను. చదును రోడ్డు మీద మనిషి ముందుకు జారక ఏం చేస్తాడు? పదహారేళ్ళుగా నేను చదివిన ఏ పుస్తకమూ కొలిచే ముందు కింద నేల చూడమని చెప్పలేదు. చెప్పే ఉంటుంది, నేనే ఆ పేజీ తిప్పేసి ఉంటాను.

మల్లేశ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "అయితే ఎత్తు రోడ్లే చూసుకుని ట్రిప్పులు కొట్టాల్నా అక్కా?" అన్నాడు. సాయమ్మకు విషయం చెబితే ఆమె గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వింది.

బండిని హోటలు ముందు చదునుగా ఉన్న చోటికి తెచ్చాము. నేలకు వాలు లేదని తెలుసుకోవడానికి సాయమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి ఇచ్చింది. మళ్ళీ కొలిచాను. నిజానికి సీటు వెనక కొద్దిగా మాత్రమే కుంగింది. ఖలీల్ భాయ్ వేసిన జిప్ తీసి రెండు పొరలు బయటికి లాగాను. వీపు మూడు మెట్లు వెనక్కి వాల్చాము. యూసుఫ్ చెప్పినట్టు తువ్వాలు చుట్టి నడుము ఒంపులో పెట్టాము. 8:20కి మళ్ళీ బయలుదేరాము.

ఆ తర్వాత కొత్త భయం పట్టుకుంది నాకు. ఇంకా ఎక్కడైనా తప్పు చేశానేమోనని, ముప్పావు గంటకొకసారి బండి ఆపించి, మల్లేశ్‌ను దింపి, దిండు సర్ది, మళ్ళీ ఎక్కించాను. అడ్డాకుల దగ్గర ఒకసారి. పెబ్బేరు దగ్గర ఒకసారి. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద వంతెన దాటి, దిగి పది నిమిషాలు నది చూశాము. ఇంకో పొర తీద్దామా అంటే మల్లేశ్ దండం పెట్టాడు. "ఇగ ముట్టకు అక్కా. నీ కాళ్ళు మొక్కుత."

11:05కి అలంపూర్ చౌరస్తా చేరాము. నొప్పి లేదు. మల్లేశ్ బండి దిగి ఎవరినీ పట్టుకోకుండా నిలబడ్డాడు. భోజనం చేశాము. పప్పు, గోంగూర, మజ్జిగ. అక్కడ ఒక లారీ డ్రైవరు మా దిండు చూసి ఎంత మందమని అడిగాడు. రెండు వేళ్ళని చెప్పి, తర్వాత పరుగెత్తుకెళ్ళి, "ముందు నీ సీటు చూసుకో" అని కూడా చెప్పాను.

తిరుగు ప్రయాణం 11:50కి. కొత్తకోట దాకా మల్లేశ్ పాటలు పాడాడు. 1:25కి అడ్డాకుల దగ్గర పాట ఆగింది. నేను అడగలేదు. రెండు కిలోమీటర్లు పోయాక అతనే అన్నాడు: "వచ్చింది అక్కా."

బండి పక్కకు ఆపి దిగాడు. చెట్టు నీడలో పావుగంట నడిచాడు. నేను కోణమాని పట్టుకుని బండి చుట్టూ తిరిగాను. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ ఎక్కాడు. నొప్పి తగ్గింది, పోలేదు అన్నాడు. జడ్చర్ల దాటాక ఒకసారి, బాలానగర్ తర్వాత ఒకసారి ఆపి నడిచాడు. ప్రతిసారీ కొంచెం తేలికైంది. అప్పుడు నాకు వచ్చిన సందేహం ఇప్పటికీ తీరలేదు. పొద్దున నొప్పి లేకుండా పోయింది సీటు వల్లనా? నేను కొలతల కోసం గడియకోసారి దింపి ఎక్కించడం వల్లనా? దవాఖానవాళ్ళు ఎక్కువసేపు కూర్చోవద్దనే కదా చెప్పారు. నేను సీటును పరీక్షిస్తున్నాననుకున్నాను గానీ, తెలియకుండా మనిషిని నడిపించాను.

3:50కి కొత్తూరు వచ్చింది. సునీత చూసిన ఫ్యాక్టరీ రోడ్డు పక్కనే. మల్లేశ్ బండి నెమ్మది చేసి గేటు ముందు ఆపాడు. గేటు పక్కన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. కుర్చీకి ఒక చెయ్యి విరిగి వైరుతో కట్టి ఉంది.

"అన్నా, జర కూసుంట నీ కుర్చీల" అన్నాడు మల్లేశ్.

వాచ్‌మన్ పేరు బుచ్చయ్య. ఆయన వెంటనే లేచి నిలబడ్డాడు. మల్లేశ్ కూర్చున్నాడు. కుర్చీ నడుము దగ్గర లోపలికి గుంట పడి ఉంది.

"ఎన్ని గంటలన్నా డ్యూటీ?"

"పన్నెండు. మనిషి రాకుంటే ఇరవై నాలుగు."

"మధ్యల లేసి తిరుగొచ్చా?"

"గేటు ఇడిసి యాడికి తిరుగుతవ్? సూపరైజర్ ఊకోడు" అన్నాడు బుచ్చయ్య. "నీకు గూడ నడుమేనా?"

మల్లేశ్ ఐదు నిమిషాలకు ఎక్కువ కూర్చోలేదు. లేచేటప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకోబోయి, వైరు చూసి మానుకున్నాడు. బండిలోకి వచ్చి ఫోను స్పీకరులో పెట్టి సునీతకు చేశాడు.

"సునీతా, ఆ వాచ్‌మన్ కుర్చీల కూసొని చూసిన. ఆ కుర్చీ..."

"కుర్చీ ముచ్చట తర్వాత. నొప్పి వచ్చిందా, రాలేదా?"

మల్లేశ్ నా వైపు చూశాడు. నేను నోటుబుక్కు మూశాను.

"వచ్చింది. అడ్డాకుల కాడ."

సునీత అడిగింది: "పోయేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"వచ్చేటప్పుడు. దిగి నడిస్తే తగ్గింది. మల్ల నడిపిన."

"షాద్‌నగరే దాటకపోతుంటివి గద మొన్నటిదాక."

"అవు."

"దినాం గిట్లనే దిగి నడుస్తవా? కస్టమర్ తిట్టినా?"

"నడుస్త."

"జంగయ్యకు నేను ఫోన్ చేస్త తియ్యి" అంది సునీత. "మీరు ఏమన్న తిన్నరా?"

కొత్తూరు నుంచి పాల్మాకులకు వచ్చే ఆ కాస్త దారిలో, ఎడమపక్క ఆకాశంలో ఒక విమానం దిగుతోంది. మల్లేశ్ ఒకసారి తువ్వాలు చుట్ట సర్దుకున్నాడు. వెళ్ళి వచ్చింది మూడు వందల యాభై కిలోమీటర్ల దాకా. ఆ రోజు నాకు ఖాయంగా తెలిసింది తక్కువ: కొలిచే ముందు బండిని చదునైన చోట నిలపాలి, దిండు పొరలు అతికించకూడదు, గంట తిరగకముందే దిగి నడవాలి. వీటిలో ఏది ఎంత పని చేసిందో నాకు తెలియదు. మోకాలు పైకి ఉండాలా తుంటి పైకి ఉండాలా అన్నదీ తేలలేదు. రెండు పుస్తకాలూ బుధవారం వాపసు ఇచ్చి, మళ్ళీ అవే తెచ్చుకున్నాను.

ఈ ప్రయాణంలో తోడు నిలిచినవాళ్ళ పేర్లు చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. అట్ట లేని పుస్తకాన్ని కూడా నమ్మి చేతికిచ్చిన వసంత మేడంకు, నా మనసు మారుతుందని నా కన్నా ముందే తెలుసుకుని జిప్ వేసిన ఖలీల్ భాయ్‌కి, నిద్ర చెడగొట్టుకుని నా ప్రశ్నలకు జవాబు చెప్పిన రాములుకు, తువ్వాలు చుట్టడం నేర్పిన యూసుఫ్‌కు, నేల చూడమని చెప్పి పళ్ళెంలో నీళ్ళు పోసిచ్చిన సాయమ్మకు, తన కుర్చీ ఇచ్చి తాను నిలబడిన బుచ్చయ్యకు, నిజం అడిగి, విని, తట్టుకున్న సునీతకు, నేను ఎన్నిసార్లు దింపితే అన్నిసార్లు దిగిన మల్లేశ్‌కు కృతజ్ఞతలు. రావద్దని ఫోను చేసినా సోమవారం ఎనిమిదింటికి వచ్చి, బండి అప్పటికే కర్నూలు ట్రిప్పు మీద పోయిందని విని, కోపం చేసుకోకుండా చాయ్ తాగి, తన నడుము నొప్పి గురించి నాతో అరగంట మాట్లాడి, దిండు కొలత రాయించుకుని వెళ్ళిన కొత్తూరు జంగయ్య గారికి కూడా.